లింగప్ప కత్తి బేరం

ఎనభై ఐదులో వాన మొహం చాటేసింది. మంగళవాడలో శెనక్కాయ చెట్లు జానెడు లేవకుండానే ఎండిపోయినాయి. మనుషులు రాగిముద్ద తిని ఎట్లాగో నెట్టుకొస్తారు గానీ గొర్రెలకు మేత కావాలి కదా. అందుకని లింగప్ప మందను తోలుకొని దావణగెరె పక్క కాలువ భూములకు పోదామనుకున్నాడు. పోతే మళ్ళీ వానలు పడేదాకా ఇల్లు చూసేది లేదు. చేలల్లోనే వంట, చేలల్లోనే పడక.

దానికి ముందు ఒక గట్టి కత్తి కావాలి. కత్తుల విషయంలో లింగప్ప జాతకం అంత బాగా లేదు. ముందటేడు కొన్న కత్తి పిడి ఊడి, ఇనుము ఎగిరిపోయి పాముల పుట్టలో పడింది. అందులో చెయ్యి పెడతానన్న మొగోడు దొరకలేదు. పోయినేడు కొన్నది మడత కత్తి. తుమ్మకొమ్మ కోస్తావుంటే దానంతటదే మూసుకొంది, లింగప్ప వేలు లోపల ఉండగానే.

"ఈసారి మడిచేది వద్దు, ఊడేది వద్దు" అనుకొని, బావమరిది కదిరయ్యను వెంటేసుకొని పావగడ సంతకు పోయినాడు. కదిరయ్య ఒకసారి బెంగళూరు పోయి వచ్చినాడు. అప్పటి నుంచి అతనికి తెలియని సంగతంటూ లేకుండా పోయింది.

కత్తులు అమ్మేవాడు టార్పాలు కింద కత్తులు పరిచి కూచున్నాడు. అదే టార్పాలు నీడలో, పక్కనే, వెంకటక్క గుమ్మడికాయలు కోసి ముక్కలు అమ్ముతా ఉంది. కదిరయ్య ఒక కత్తి తీసి, గోటితో టింగుమనిపించి, చెవి దగ్గర పెట్టుకొని కండ్లు మూసుకున్నాడు.

"ఇది బొంగురు పోయింది బావా, వద్దు."

ఇంకోటి తీసినాడు. "ఇది ముక్కుతో పాడతాది."

"కత్తి కొనేదానికొచ్చినావా, పెండ్లికి మేళం మాట్లాడేదానికొచ్చినావా?" అన్నాడు కత్తులాయప్ప.

చివరికి ఒక పొడుగాటి కత్తి కదిరయ్య చెవికి నచ్చింది. "అడివిలో ఎట్ల కొడతావో అట్ల కొట్టి చూడు బావా" అన్నాడు. లింగప్ప చుట్టూ చూసినాడు. కొట్టేదానికి కట్టె ఒకటే కనపడింది. పంచె ఎగ్గట్టి ఒక్క దెబ్బ వేసినాడు.

అది టార్పాలును నిలబెట్టిన గుంజ.

గుంజ ఒరిగింది. టార్పాలు దబ్బున కూలింది. లింగప్ప, కదిరయ్య, కత్తులాయప్ప, వెంకటక్క, బేరానికొచ్చిన నలుగురైదుగురు, ఎవరిదో ఒక మేక, అందరూ దాని కిందే. లింగప్ప చేతిలో పిడి మాత్రం మిగిలింది.

"బావా, నా కండ్లు పోయినాయి!" అని కదిరయ్య అరిచినాడు.

"పోలేదురా, టార్పాలు పడింది!"

"అయితే నా కాలు ఎవరు నాకుతాండారు?"

ఇంతలో పర్రుమని చప్పుడైంది. ఒక కత్తి టార్పాలును లోపలి నుంచి చీల్చింది, ఆ చీలికలోంచి వెలుగు వచ్చింది, ఆ వెలుగులో కత్తి పట్టుకున్న వెంకటక్క కనపడింది. దుమ్ము గిమ్ము అన్నీ మరిచిపోయి లింగప్ప ఆ కత్తినే చూసినాడు. మందంగా, పొట్టిగా, పిడి చివరి దాకా ఒకే ఇనుము. పిడి కట్టెకు రెండు పక్కలా మేకులు.

"అక్కా, ఆ కత్తి యాడ కొన్నావు?"

"ముందు నా గుమ్మడికాయ మీంచి లేయప్పా!"

లేచినాడు. కాయ రెండు చెక్కలై ఉంది. బావాబావమరుదులిద్దరూ సంత ముగిసేదాకా దబ్బనంతో టార్పాలు కుడుతూ కూచున్నారు. ఆఖరి కుట్టు పడినాకనే వెంకటక్క నోరు విప్పింది.

"మంగళవాడలో కొల్లప్ప అని కమ్మరాయప్ప ఉండాడు. లారీ కమాను పట్టతో కొట్టిచ్చినాడు."

లింగప్ప మొహం మాడిపోయింది. కొల్లప్ప కొలిమి తన ఇంటి ఎనక సందులోనే ఉంది. కానీ ఇద్దరికీ మాటల్లేక చాన్నాళ్ళయింది. లింగప్ప సంతలో ఏరికోరి కొనుక్కొచ్చిన పొట్టేలును చూసి, "దీనికి మెల్లకన్ను" అన్నాడు కొల్లప్ప. అంతే, లింగప్ప మళ్ళీ ఆ సందులో కాలు పెట్టలేదు.

పొద్దున్నే కదిరయ్యను తోడు తీసుకొని పోయి కొలిమి ముందర నిలబడినాడు. కొల్లప్ప తల ఎత్తలేదు.

"ఎవరప్పా?"

"నేను, లింగప్పను."

"ఏ లింగప్ప?"

"పొట్టేలు లింగప్ప."

"ఏ పొట్టేలు?"

లింగప్ప గొంతు తగ్గించి చెప్పినాడు. "మెల్లకన్ను పొట్టేలు."

"కొలిమి తిత్తి సద్దులో ఇనపడలే. గట్టిగా చెప్పు."

"మెల్లకన్ను పొట్టేలు!" అని అరిచినాడు లింగప్ప. బోరింగు కాడ బిందెలు పట్టుకున్న ఆడోళ్ళంతా తిరిగి చూసినారు.

కొల్లప్ప సుత్తి కింద పెట్టి, పొట్ట పట్టుకొని నవ్వినాడు. "ఓరి పిచ్చోడా! మెల్లకన్నయినా తాలూకాలో ఇట్లాంటి పొట్టేలు లేదని అనబోతి. ఇనకుండానే పోతివి కదప్పా."

లింగప్ప ఊరికే తల గోక్కున్నాడు. ఇన్నాళ్ళూ కొడవలి సానపట్టించుకునేదానికి పక్కూరు నడిచిపోయినవాడు అతను.

"సరే, కత్తితో ఏం కోస్తావు?" అని అడిగినాడు కొల్లప్ప.

"కొమ్మలు, కంప, తాళ్ళు, గొర్రె గిట్టలు, ఎర్రగడ్డలు."

"ఎలుగ్గొడ్డు కూడా" అన్నాడు కదిరయ్య.

"ఎలుగ్గొడ్డు వస్తే కత్తి వద్దప్పా. కాళ్ళు గట్టిగుంటే చాలు."

కొల్లప్ప కమాను పట్టను ఎర్రగా కాల్చి, జానెడు కత్తి కొట్టినాడు. వీపు మందంగా ఉంచినాడు. మరీ పలచగా సానపడితే కంపకు అంచు లేచిపోతుందని, కావాల్సినంతే పదును పెట్టినాడు. కదిరయ్య గోరు చాపి ముందుకొచ్చేసరికి, ఆ చేతికి తిత్తి తాడు అందించినాడు.

కత్తి ఆ కరువు పొడుగునా పనిచేసింది. కాలువ గట్టు మీద కొమ్మలు నరికింది, మందకు కంచె కొట్టింది, ముద్దలోకి, కండ్లు మండించే ఎర్రగడ్డలు తరిగింది. చళ్ళకెరె, హిరియూరు నుంచి వచ్చిన గొర్రెలోళ్ళు అడిగి అడిగి తీసుకుపోతావుంటే, లింగప్ప పొద్దున లేచి గుడిసె గుడిసెకూ తిరిగి తెచ్చుకోవాల్సి వచ్చేది. "యారు మాడిద్దు?" అని, చేసిందెవరని వాళ్ళు కన్నడంలో అడిగితే, మంద వెంట వచ్చిన కదిరయ్య "బెంగళూరు..." అని మొదలుపెట్టినాడు. లింగప్ప అతని కాలు తొక్కి, "మా ఊరి కొల్లప్ప" అన్నాడు.

మరుసటేడు వానలు పడి లింగప్ప ఇల్లు చేరినాక వాళ్ళంతా కత్తులు చేయించుకునేదానికి మంగళవాడకు వచ్చినారు. మందలతో సహా వచ్చినారు. కొల్లప్పకు చేతి నిండా పని. గొర్రెలు మాత్రం సందంతా నిండిపోయి, ఇంటింటి చిక్కుడుపాదు, సొరపాదు మొదలంటా మేసేసినాయి. ఆడోళ్ళు చీపుర్లు పట్టుకొని లింగప్ప వాకిట్లోకి వచ్చి నిలబడినారు.

"వీళ్ళకు మన ఊరి దావ చెప్పినోడివి నువ్వే కదా? తోలు!"

ఆ రోజంతా లింగప్ప ముల్లుగర్ర పట్టుకొని, తనవి కాని గొర్రెల వెనక, తనకు రాని కన్నడంలో అదిలిస్తా పరుగెత్తినాడు.