పెట్టెలో గొర్రెతోలు కోటు

వసంతంతో కొత్తేడాది మొదలయ్యే నౌరిజ్ పండుగనాడే మా పొరుగింటి కానిపా చలికోట్లన్నీ ఎండలో దులిపి, మడతల మధ్య మాచిపత్రి వేసి, పెట్టెకు తాళం పెట్టేసింది. తాళంచెవి ఎప్పటిలాగే జడకొసకు కట్టుకుంది.

"అత్తయ్యా, ఐదుగురు చుట్టాలు ఇంకా రానేలేదు. మందకెళ్ళేటప్పుడు వేసుకోడానికి ఒక్క కోటన్నా ఉంచండి," అంది కోడలు బాల్జాన్. వసంతం వచ్చాక మా మైదానం మీద విరుచుకుపడే ఆఖరి మంచుతుఫానును 'ఐదుగురు చుట్టాలు' అంటాం.

"పురుగు కొట్టేస్తే మీ అమ్మ తెచ్చిపెడుతుందా? పండుగ దాటాక తోలుకోటేసుకుని తిరిగితే ఊరు నవ్వదూ? పడుచుదానివి, నీకేం చలే!"

చుట్టాలు రానే వచ్చారు. ఈనే గొర్రెలు బయటే ఉండిపోయాయి. బాల్జాన్ గుమ్మంలో నిలబడి మళ్ళీ అడిగింది. కానిపా జడ వెనక్కి విసురుకుని టీ పోసుకుంది.

"నడువు. నాలుగడుగులు పరిగెత్తితే ఒళ్ళు అదే వేడెక్కుతుంది."

మంచు ఆగాక గుట్ట పక్కన దొరికింది బాల్జాన్. తన స్వెటర్ విప్పి అప్పుడే పుట్టిన గొర్రెపిల్లకు చుట్టి ఉంది. గొర్రెపిల్ల బతికే ఉంది.

శవానికి స్నానం చేయించడానికి నన్ను పిలిచారు. చుట్టడానికి తెల్లబట్ట కావాలంటే, అప్పుడు తెరిచింది పెట్టె, ఆ మహాతల్లి! బట్ట నా ఒళ్ళోకి విసిరేసి, కోటు పైకి తీసి, చంకలూ మెడపట్టీ వెలుగులో తడిమి తడిమి చూసుకుంది.

"చూశావా," అంది నాతో, "ఒక్క పురుగన్నా పట్టిందా!"