తూము మీద ఎర్ర తలపాగా

సుభానీకి పనితనం ఎంత ఉండేదో గొప్పలు అంతకు రెండింతలు ఉండేవి. నరసరావుపేటలో కొట్లకు బోర్డులు రాసి, నాటకాలవాళ్ళకు తెరలు వేసి పొట్టపోసుకునే మనిషి. నలభై ఆరో సంవత్సరం వేసవిలో సుబ్బరామయ్య అనే వర్తకుడు అతన్ని ఈపూరు దగ్గరి ఒక పల్లెకు పంపించాడు. ఆ ఊరి చెరువు సుబ్బరామయ్య తాత తవ్వించినది. దాని బొమ్మ నూనె రంగుల్లో వేయించి, కొట్లో తను కూర్చునే చోట గోడకు తగిలించుకోవాలని షావుకారు ముచ్చటపడ్డాడు.

సుభానీ రోజూ పొద్దు బారెడెక్కే వేళకు చెరువు కట్ట మీద మూడు కాళ్ళ చట్రం నిలబెట్టి, దాని మీద బొమ్మ వేసే గుడ్డ పెట్టి కూర్చునేవాడు. ఎండ ముదిరితే నీళ్ళ రంగు మారిపోతుందని గంటన్నరకే లేచేవాడు. తడి రంగుకు అంటుకున్న దోమల్ని సూదిమొనతో తీసుకుంటూ మిగతా పొద్దు గడిపేవాడు. బర్రెలు తోలుకొచ్చినవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఒకరోజు ఊరి పెద్దరైతు నాగభూషణరావు కూడా వచ్చి మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు.

"ఏందిరా సాయిబూ, ఇదంతా ఉన్నదేనా, నీ సొంత కవిత్వమా?"

సుభానీకి రోషం పొడుచుకొచ్చింది. "ఉన్నది ఉన్నట్టే అయ్యా. ఒక్క గడ్డిపోచ కూడా నేను కల్పించింది కాదు. నా కుంచె అబద్ధమాడదు" అన్నాడు, నలుగురికీ వినపడేట్టు.

ఆ మాట అన్న మర్నాడే ఆడింది. బొమ్మంతా నీలం, ఆకుపచ్చ నిండిపోయి మరీ చప్పగా ఉంది. తూము దగ్గర ఒక ఎర్ర మరక పడితే తప్ప దానికి ప్రాణం రాదనిపించింది. దిగువ పొలాల్లో కౌలు చేసే యల్లమంద తలపాగా గుర్తొచ్చింది. ఊళ్ళో ఎర్ర తలపాగా చుట్టేది అతనొక్కడే. తూము మీదికి వంగిన మనిషిని నాలుగు గీతల్లో దించి, నెత్తిన ఎరుపు అద్దాడు సుభానీ. తన తెలివికి తనే మురిసిపోయి, రంగు ఆరాలని బొమ్మను తనకు బస ఇచ్చిన నాగభూషణరావు వసారాలో గోడకు ఆనించి, అక్కడే ఓ మూల పడుకున్నాడు.

తెల్లవారేసరికి చెరువు ఖాళీ అయిపోయింది. ఎవరో తూము తెరిచి, ఉన్న నీళ్ళన్నీ ఎండిపోతున్న దిగువ పొలాలకు వదిలేశారు. ఆ నీళ్ళు నాగభూషణరావు మిరపతోటకు ఆఖరి రెండు తడులు.

సుభానీ కళ్ళు తెరిచేటప్పటికి వసారాలో బొమ్మ లేదు. రంగుల పెట్టె చంకన పెట్టుకుని కట్ట మీదికి పరుగెత్తాడు. చెరువులో బురద, ఆ బురదలో కొట్టుకుంటున్న చేపలు. తూము రాతికి యల్లమందను కట్టేసి ఇద్దరు పాలేర్లు కర్రలతో బాదుతున్నారు. ఒక కన్ను మూసుకుపోయింది. పళ్ళు రాలి నోట్లోంచి నెత్తురు గడ్డాన కారుతోంది. అతని ఎదురుగా సాక్షిని నిలబెట్టినట్టు బొమ్మను చట్రం మీద నిలబెట్టారు. నాగభూషణరావు చేతిలో గొడ్డలి ఉంది.

"తూమెత్తిన చెయ్యి తీసేస్తా ఇయ్యాల. సాయిబూ, వీడేగా నువ్వు చూసింది? అవునను చాలు, బండి కట్టిస్తా, పేటకి పో."

అవునంటే ప్రాణాలతో ఇంటికి పోవచ్చు. సుభానీకి పారిపోవాలనే అనిపించింది, అందులో దాపరికమేమీ లేదు. కానీ పాలేర్లలో ఒకడు యల్లమంద కుడిచేతిని రాతి మీద చాపి తొక్కిపట్టాడు. కీళ్ళు కాయలు కాచిన ఆ చెయ్యి గిలగిల్లాడుతోంది. చూడలేకపోయాడు.

"కాదయ్యా! నేనాడ ఎవర్నీ చూళ్ళేదు. రంగు కోసరం పెట్టా."

"ఒక్క గడ్డిపోచ కూడా కల్పించలేదంటివే!"

"గొప్పకి కూశా. మీ కాళ్ళు మొక్కుతా."

"చానా బాగుంది. వీడి పెళ్ళాం వచ్చి నీ కాళ్ళ మీద పడ్డదేమో!" అన్నాడు నాగభూషణరావు. గొడ్డలి పైకి లేచింది.

మాటలతో పని జరగదని సుభానీకి అర్థమైంది. పెట్టె తెరిచి, గుడ్డపేలికను టర్పెంటైనులో ముంచి, బొమ్మలోని ఎర్ర తలపాగా మనిషిని ఒక్క తుడుపు తుడిచేశాడు. కుంచె అందుకున్నాడు. చూస్తుండగానే తూము మీద బానపొట్ట, పట్టుకండువా, పైకి మెలితిప్పిన మీసం లేచాయి. అచ్చంగా నాగభూషణరావు వంగి తూము ఎత్తుతున్నాడు.

"చూడండయ్యా! మరి ఈయనా ఎత్తాడా? నేనెవర్ని పెడితే ఆళ్ళే ఉంటారు ఆడ!"

చుట్టూ మూగిన జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు కట్ట పొడుగునా పాకింది. కర్రలు పట్టుకున్న పాలేర్లు కూడా తలలు దించుకుని నవ్వారు. కట్టేసిన మనిషిని ఇక నరికితే మొహం చెల్లదని నాగభూషణరావుకు తెలిసిపోయింది. సుభానీ మెడ పట్టి లాగి, కుంచె పట్టిన చేతిని రాతికి అదిమి, గొడ్డలి తిరగేసి మోదాడు. ఒకసారి కాదు, వేళ్ళు వేళ్ళలా లేకుండా పోయేదాకా మోదాడు. తరువాత బొమ్మను కాలితో తన్ని బురదలోకి తోసి, వెనక్కి చూడకుండా ఇంటికి పోయాడు.

దిగువ పొలాల వాళ్ళే ఒక బండి తెచ్చి, గడ్డి పరిచి, ఇద్దరినీ పక్కపక్కన పడుకోబెట్టి పేట ఆసుపత్రికి తోలారు. బండి కుదుపుకు ఒకడు మూలిగితే రెండోవాడు అరిచేవాడు. సగం దారిలో సుభానీ పెదవులు తడుపుకున్నాడు. ఆ పరిస్థితిలో కూడా తన గురించి ఒక మంచి మాట కోసం అతని ప్రాణం లాగింది.

"పోనీలే యల్లమందా, నీ చెయ్యి దక్కింది."

యల్లమంద పగిలిన మొహాన్ని అతి కష్టం మీద ఇటు తిప్పాడు.

"నా చెయ్యి నిన్న గూడా నాదే గదయ్యా" అన్నాడు.

సుభానీ సిగ్గుతో కళ్ళు మూసుకున్నాడు.