గీత దాటిన ఎరుపు

మధ్యాహ్నం మూడో మూట పిండేసరికి పెద్దకోడలి కాలి మీద గీత చెరిగిపోయింది.

అది పొద్దున నర్సమ్మ నీలం పెన్నుతో గీసింది. లాండ్రీ నీళ్లలో పదకొండేళ్లు నాని కాలివేళ్ల సందులు పగిలాయి. అక్కణ్ణుంచి ఎరుపు పిక్క మీదికి పాకింది. నర్సమ్మ చేతి వెనకవైపుతో తాకి చూసింది. కాలిపోతోంది.

"ఇది తామర కాదమ్మా. పగుళ్లలోంచి క్రిములు లోపలికి దిగాయి. తామరకని రాస్తున్న ఆ పూతమందు అవతల పారెయ్." మాత్రలిచ్చి, ఎరుపు అంచు వెంబడి గీసింది. "కాలు ఎత్తిపెట్టి పడుకో. ఎరుపు ఈ గీత దాటినా, చలిజ్వరం వచ్చినా పెద్దాసుపత్రికి వెళ్లాలి. రేపు వచ్చి చూపించు."

పడుకుంటే తొట్టి దగ్గర ఇంకొకరు నిలబడతారు. నాలుగు వందల కూలికి గేటు బయట ఎప్పుడూ పదిమంది కూర్చునే ఉంటారు.

పక్క బల్ల దగ్గర ఆసుపత్రి దుప్పట్లకు నంబర్లు వేసేది ఆమె తోడికోడలు. ఎన్ని ఉతుకులకూ పోని నల్ల మార్కరు ఆమె చేతిలో ఉంటుంది.

"గీత పోయిందే. నర్సమ్మ తిడుతుంది. మళ్లీ గియ్యవా?"

"నంబరు కూడా వేస్తానక్కా, దుప్పట్లలో కలిసి తప్పిపోకుండా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పటికే ఎరుపు రెండు వేళ్ల మేర పైకెక్కింది. కనబడిన అంచు వెంబడే గీసింది తోడికోడలు.

మర్నాడు నర్సమ్మ ముందు నలభై మంది ఉన్నారు. కాలు చూసి, "గీత లోపలే ఉంది, మందు పనిచేస్తోంది. రేపూ రా" అంది. నిన్న తాను గీసింది నీలం గీత అని ఆమెకు తట్టలేదు.

మూడో రోజు ఎరుపు నల్ల గీత దాటి మోకాలి కిందిదాకా ఎక్కింది. బాయిలరు ఆవిర్లలో నిలబడి పెద్దకోడలు చలికి వణుకుతోంది.

"ఇంకొక్క గీత గియ్యవే. ఇలా చూపిస్తే నర్సమ్మ పెద్దాసుపత్రికి పంపుతుంది. అక్కడ వారం పడక. వారమంటే తొట్టి పోయినట్టే."

తోడికోడలు వంగి చూసింది. తన గీత చెక్కుచెదరలేదు. ఎరుపే దాన్ని దాటి జానెడు పైకి పోయింది. మొన్న తను గీత ఎక్కడ వేసిందో ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

మార్కరుకు మూత బిగించింది.

"నేను గియ్యనక్కా."

"నీకేం, నీ పని కూర్చునే పని." పెద్దకోడలు మార్కరు కోసం చెయ్యి చాచింది. మోకాలు వంగక బల్ల పట్టుకుని ఆగిపోయింది.

"ఏంటక్కడ, తోడికోడళ్ల ముచ్చట్లా? దుప్పట్లకు నంబర్లేవి?" మేస్త్రీ కేకేశాడు.

తోడికోడలు మార్కరు పట్టుకున్న పిడికిలి విప్పలేదు.