పేరు పక్కన ఎర్ర సిరా

భర్త చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది ఆమె. అతను అద్దంలో తల దువ్వుకుంటూ అన్నాడు.

"నువ్వు యాక్టివిస్టువట. మేనేజరు నీ పేరు పక్కన ఎర్ర సిరాతో రాసుకున్నాడట."

ఆమె పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ బస్సుకి అతనే డ్రైవరు.

"అదేం జబ్బే తల్లీ, అంటుకుంటుందా?" మంచం మీంచి అత్తగారు అడిగింది.

ఆమెకు నవ్వొచ్చింది. భర్త ముఖం చూసి మింగేసింది. ఆమె చేసిందల్లా ఒకటే. ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు. ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడాలి, సూపర్‌వైజరు వెకిలి నవ్వు భరించాలి. రెండు నెలలు నోరు నొచ్చేలా చెప్పి, చివరికి కాగితం మీద రాసి నలభై మందితో సంతకాలు పెట్టించింది.

"కత్తిరింపు సెక్షన్లో ఒకామెకి కిందటేడు ఇదే మాట తగిలించారు." భర్త గొంతు తగ్గించాడు. "ఏదీ, ఇప్పుడెక్కడుంది? ఇంటికి తాళం. ఎవర్నడిగినా తెలీదంటారు. వెళ్ళి తప్పయిందని చెప్పు."

బడికి తయారవుతున్న కూతురు నిఘంటువు తెరిచింది. "ఎప్పటిదో లాటిన్ మాట నుంచి పుట్టిందటమ్మా. దానర్థం చేయడం. మార్పు కోసం పూనుకుని పనిచేసేవాళ్ళని అలా అంటారట."

చేయడం. తెల్లారకముందే నీళ్ళు పట్టడం, అత్తగారికి ఒళ్ళు తుడవడం, అందరి కంచాలూ కడగడం, ఇదిగో ఈ చొక్కా. పదిహేనేళ్ళుగా చేస్తూనే ఉంది. "ఇంట్లో నువ్వు చేసేదేముంది?" అన్నారే గానీ, ఆ పనికి ఎవరూ ఒక పేరు పెట్టలేదు. ఒక తలుపు కోసం నోరు విప్పగానే ఇంత పెద్ద పేరొచ్చింది.

ఆ రోజు బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగానే ఉండిపోయింది. రోజూ "బావున్నావా అక్కా" అనే వాచ్‌మన్ తల తిప్పుకున్నాడు.

మేనేజరు గదిలో గోడకానుకుని కొత్త మనిషొకడున్నాడు. అతనెవరో ఎవరూ చెప్పలేదు. మేనేజరు తెల్లకాగితం ఆమె ముందుకు జరిపాడు.

"తప్పయిందని రాసి సంతకం పెట్టమ్మా. ఆ మాట కొట్టేస్తాం. మీ ఆయన ఉద్యోగం కూడా ఇక్కడే కదా!"

"మీ పాప బడికి నడిచే వెళ్తుందనుకుంటా," అన్నాడు కొత్త మనిషి మెల్లగా.

ఆమె ఒక్క క్షణం కలం పట్టుకుంది కూడా. తర్వాత దాన్ని కాగితం మీద పెట్టి, రెండూ కలిపి వెనక్కి నెట్టింది.

"ఆ మాట ఉండనివ్వండి సార్. దాని పక్కన నేనేం చేశానో కూడా రాయండి. ఇప్పుడీయన అన్నది కూడా రాయండి."

కొత్త మనిషి వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు. ఆమే కుర్చీ లాక్కుని కూర్చుంది.