తేదీ దాటిన సోడా

నాది కిరాణా కొట్టు. తేదీ దాటిన సరుకు పారేయడానికి నాకు చేతులు రావు, ఇంటికి పంపేవాణ్ణి. ఇరవై రెండేళ్లలో మా వంటింటికి కొత్త వంటసోడా పొట్లం వెళ్లిన గుర్తు లేదు.

మా ఆవిడకు ఈస్టు అక్కర్లేని రొట్టె చేయడం సరదా. మైదాలో సోడా, ఉప్పు వేసి, పుల్లటి మజ్జిగతో కలిపి, వెంటనే ఓవెన్‌లో పెట్టేది. అది ఏనాడూ పొంగలేదు.

"దీన్ని తలుపుకి అడ్డం పెట్టుకోవచ్చు," అనేవాణ్ణి.

"నా చేతిలోనే ఏదో లోపం ఉందండీ," అనేది. పోయిన ఏడాది కన్నుమూసేదాకా తను అలాగే అనుకుంది.

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి అదే రొట్టె చేసింది. కొలతలు వాళ్లమ్మవే. సోడా మాత్రం కొట్లో అరమీద నుంచి తనే తీసుకెళ్లింది. రొట్టె గిన్నె అంచు దాటి పొంగి, మధ్యలో విచ్చుకుంది.

"అమ్మకెందుకు రాలేదు నాన్నా ఇలా?"

నేను వంటింట్లో ఉన్న పాత డబ్బా తీసి, చెంచాడు సోడా మీద నిమ్మకాయ పిండాను. మంచిదైతే బుసబుసా నురగ రావాలి. అది తడిసిన ముగ్గుపిండిలా ఊరుకుంది.

"చచ్చిన సోడా కదా ఇది! అమ్మకి ఇదా ఇచ్చావ్?"

సరుకు చూడగానే మంచిచెడ్డలు చెప్పేస్తానని బజారంతా నాకు పేరు.

"అవునమ్మా," అన్నాను. "అమ్మ చేయి మంచిదే."

రొట్టె చల్లారిపోయేదాకా ఇద్దరిలో ఎవరమూ చాకు ముట్టుకోలేదు.