ఊపిరి తీసుకునే చోటు

రికార్డు మీద ముల్లు ఆనగానే ముందు వినిపించేది పాట కాదు.

చిటపట. ఎండిన రెల్లు మీద తొలి చినుకులు పడుతున్నట్టు.

ఆ వెనకే ఒక నిశ్శబ్దం. రాతిగోడల మధ్య చల్లబడిన నిశ్శబ్దం. పొలాల నడుమ చర్చిలో, గోపురం మీది గడియారాన్ని కూడా ఆపించి, పదిమంది మనుషులు కదలకుండా నిలబడి ఉన్న నిశ్శబ్దం.

ఆ తర్వాత — గొంతులు.

ఒక గొంతు మొదలవుతుంది. అది నాలుగు మెట్లెక్కేలోపు ఇంకో గొంతు అదే దారి పడుతుంది. దాని వెనక ఇంకొకటి. ఎవరూ ఎవరినీ తోసుకోరు. ఎవరూ ఎవరికోసమూ ఆగరు. చిక్కుడు తీగలు ఒకే కర్రకు అల్లుకున్నట్టు పైకి, ఇంకా పైకి...

అన్నిటికన్నా పైన ఇద్దరు ఆడపిల్లల గొంతులు.

ఇద్దరివి. వినిపించేది ఒకటే.

అందులో ఏది తన కూతురిదో ఈనిడ్‌కు తెలియదు.

టాంసిన్ జనవరిలో పోయింది.

పొగమంచు. పక్కనే కాలువ ఉన్న రోడ్డు. ఎక్కడో పాడి ఆమె ఇంటికి తిరిగొస్తున్న కారు.

అంతే. అంతకు మించి ఆ ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఉన్నది ఇద్దరే. ఈనిడ్, ఆమె భర్త సిరిల్.

సిరిల్ బతుకంతా పంపుహౌసులో పనిచేశాడు. తూర్పు ఇంగ్లండులో ఆ నల్లనేల సముద్రం కన్నా పల్లం. నీళ్ళు నిలవకుండా రాత్రీ పగలూ కాలువల్లోకి తోడిపొయ్యాలి. ఆ డీజిల్ ఇంజన్లు అతని చెవుల్ని తినేశాయి. అతను తోడి నింపిన కాలువ అతని కూతుర్ని తినేసింది.

నేలంతా చదును. ఎత్తయినది ఆకాశం ఒక్కటే. గాలి రెల్లుదుబ్బుల్లో దూరి పొద్దస్తమానం ఏదో అంటూనే ఉంటుంది.

ఏమంటుందో ఎవరికీ తెలియదు.

ఫొటోలు ఉన్నాయి. మోచేతుల దగ్గర అరిగిన స్వెటర్లు ఉన్నాయి. దువ్వెనలో వెంట్రుకలు ఉన్నాయి.

గొంతు లేదు.

బడిలో చదివేటప్పుడు ఒక్కతే పాడిన క్యాసెట్ ఒకటి ఉండేది. దాని మీద సిరిల్ క్రికెట్ కామెంటరీ ఎక్కించుకున్నాడు. ఆ రోజు ఇల్లంతా నవ్వులే. టాంసిన్ అందరికన్నా ఎక్కువ నవ్వింది. "పోనీలే నాన్నా, నేను పాడినదానికన్నా వాళ్ళు ఆడిందే బాగుంది" అంది.

ఆ నవ్వు కూడా ఎక్కడా లేదు.

మిగిలింది ఈ నల్లటి పళ్ళెం. నాలుగు వందల ఏళ్ళ కిందటి పూజాగీతాలు. లాటిన్‌లో.

ఈనిడ్‌ది మెథడిస్టు ప్రార్థనామందిరం. అక్కడ పాటంటే గుండెల నిండా ఊపిరి పట్టి, పైకప్పు లేచిపోయేట్టు పాడటం. ఎవరి గొంతు ఏదో అందరికీ తెలుసు. ఒకామె ప్రతి చరణం చివరా సాగదీస్తుంది. ఒకాయన పైస్వరం రాగానే పక్కదారి పడతాడు. కళ్ళు మూసుకుని కూర్చున్నా ఆ ఆదివారం ఎవరొచ్చారో, ఎవరికి జలుబు చేసిందో చెప్పొచ్చు.

కూతురు ఇంకో దారి పట్టింది.

"లాటిన్‌లో పాడితే ఆ దేవుడికైనా అర్థమవుతుందంటావా?" అనేవాడు సిరిల్, రొట్టెకు వెన్న రాస్తూ.

"నీకు ఇంగ్లీషులో చెప్తేనే వినబడదు, నీకెందుకు నాన్నా ఆ బాధ?" అనేది టాంసిన్.

ఈ రికార్డు తెచ్చి మొదటిసారి పెట్టిన రోజున ఈనిడ్ చివరిదాకా ఓపిగ్గా విన్నది. తర్వాత ఉండబట్టలేకపోయింది.

"అంతా బానే ఉందిగానీ, నువ్వేదే? ఎక్కడా వినబడవేం?"

టాంసిన్ ముఖం వెలిగిపోయింది. వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులేసింది.

"అమ్మా! ఇంతకన్నా మంచి మాట నన్ను ఇంకెవ్వరూ అనలేదే!"

వినబడకపోవడం. అదే వాళ్ళ విద్య. పాటలో ఒక్కో వరసకు ఇద్దరు. ఇద్దరూ కరిగి ఒక్కరైపోవాలి. ఎవరిదైనా ఒక పిసరు బయటికి తెలిసిందంటే పాట చెడినట్టే.

పిల్ల మురిసిపోయింది. తల్లి మూతి ముడుచుకుంది. అంత దూరం పోయి, అంత కష్టపడి, వినబడకుండా పాడటం ఏమిటి?

ఆ విద్య ఎంత గొప్పదో ఇప్పుడు తెలుస్తోంది.

నూరుమంది పసిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నా తన బిడ్డ ఏడుపు తల్లికి తెలుస్తుందంటారు.

ఈనిడ్‌కు తెలియడం లేదు.

గిన్నెలు కడిగి రికార్డు పెడుతుంది. బట్టలు ఆరేసొచ్చి పెడుతుంది. ఉడుకుతున్న బంగాళాదుంపల్ని పొయ్యి మీద వదిలేసి పెడుతుంది. పై గొంతును పట్టుకుంటుంది. వేలికి దారం చుట్టుకున్నట్టు చుట్టుకుంటుంది. ఇదే... ఇదే నా పిల్ల... అనుకునేలోపు ఆ దారం జారిపోతుంది. ఇంకో గొంతులో కలుస్తుంది. కలిసిన చోటు కనబడదు.

వంటింట్లో దుంపలు అడుగంటుతాయి.

రెండోవైపు చివర, అంతా అయిపోయాక, చర్చి బయట ఎక్కడో ఒక రాబిన్ పిట్ట కూస్తుంది. రికార్డు చేసినవాళ్ళు బాగుందని ఉంచేశారట.

పిట్ట గొంతు వినిపిస్తుంది. తెల్లారినంత స్పష్టంగా.

అందుకే ఆ పిట్టంటే ఈనిడ్‌కు కసి.

పాటంటే ఇంకా కసి. ఎందుకంటే అది అందంగా ఉంది. వినేకొద్దీ అందంగా ఉంది. కింది గొంతులు దున్నిన నల్లమట్టిలా పరుచుకుంటాయి. వాటి మీద పై గొంతులు వెలుతురులా జరుగుతాయి. ఒక్కోసారి కూతుర్ని వెతకడం మరిచిపోయి, ఆ వెలుతురునే చూస్తూ ఉండిపోతుంది. తేరుకున్నాక తన చెంపలు తానే వాయించుకోవాలనిపిస్తుంది.

బిడ్డ పోయిన ఇంట్లో ఇంత అందానికి ఏం పని?

ఈస్టరు వెళ్ళిన వారం హెస్టర్ వచ్చింది.

టాంసిన్ పక్కన నిలబడి పాడిన పిల్ల. ఆ రెండో గొంతు. ఈనిడే కబురు చేసి రప్పించింది.

"కేకు తిను. నీకోసమే చేశా."

"తింటాను ఆంటీ."

తినలేదు. అంచు తుంచి, పళ్ళెంలో పొడి చేస్తూ కూర్చుంది. సిరిల్ స్పీకరు పెట్టె పక్కన తన కుర్చీలో ఉన్నాడు. అరచెయ్యి ఆ చెక్క మీద ఆనించి. జనవరి నుంచి అతను వినేది అలాగే.

ఈనిడ్ డొంకతిరుగుడు మనిషి కాదు. రికార్డు పెట్టింది.

"ఇందులో మా అమ్మాయిది ఏది?"

హెస్టర్ కప్పు కింద పెట్టింది.

"చెప్పలేను ఆంటీ."

"చెప్పలేకపోవడమేంటి? పక్కనే కదా నిలబడ్డావు."

"నాది ఏదో కూడా చెప్పలేను."

"నీ గొంతు నీకే తెలీదా? ఎదురింటి పిల్లికి కూడా దాని అరుపు దానికి తెలుసే!"

"తెలిసేట్టు పాడితే ఆ మర్నాడే మమ్మల్ని ఇంటికి పంపేవాళ్ళు."

సిరిల్‌కు మాటలు వినబడవు. ఇద్దరి ముఖాలూ చూశాడు. "ఆ పిల్లని టీ అయినా తాగనియ్యవే" అన్నాడు.

"తాగొద్దన్నానా? నువ్వూరుకో."

టీ చల్లబడింది. కిటికీ బయట ప్లమ్ చెట్టు తెల్లగా పూసి ఉంది. గాలి వచ్చినప్పుడల్లా కాసిన్ని రేకులు గడ్డి మీద రాలుతున్నాయి.

హెస్టర్ మెల్లగా అంది.

"ఒక్క చోటుంది ఆంటీ... చివరి పాటలో. దేవుని గొర్రెపిల్లా అని పిలిచే చోట. అక్కడ పైస్వరం చాలా పొడుగు. ఒక్క ఊపిరికి అందదు. అందుకని ఒకళ్ళు ఊపిరి తీసుకునేటప్పుడు ఇంకొకళ్ళు పట్టి ఉంచుతారు. ఇద్దరం ఎప్పుడూ ఒకేసారి తీసుకోం. వినేవాళ్ళకి పాట తెగినట్టే ఉండదు. అక్కడ ముందు ఆగేది నేను. నేను ఊపిరి తీసుకుని మళ్ళీ వచ్చేదాకా అది ఒక్కతే."

అది ఒక్కతే.

ఈనిడ్ లేచింది. ముల్లు ఎత్తబోయింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వే పెట్టమ్మా."

హెస్టర్ పెట్టింది.

చిటపట. గొంతులు. ఒకదాని వెనక ఒకటి. కిందివి ముందుగా సర్దుకున్నాయి. పైస్వరం లేచింది. పొలాల మీద భరతపక్షి ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడ్డట్టు నిలబడింది. నిలబడింది...

హెస్టర్ వేలెత్తింది. "ఇక్కడ."

వేలు దించింది. "అయిపోయింది."

గుటక వేసినంతసేపు.

సిరిల్ పెట్టె మీంచి చెయ్యి తియ్యకుండా తలెత్తాడు.

"ఏమైంది? రెంట్లో ఒకటి ఆగినట్టుందే?"

పంపుహౌసులో రెండు ఇంజన్లుండేవి. ఒకటి ఆగితే ఇంట్లో పడుకున్నవాడికి మంచం కోళ్ళలోంచి తెలిసేది.

ఈనిడ్ అతని ముఖంలో ముఖం పెట్టి అరిచింది. "ఏదాగింది సిరిల్? ఏదాగింది?"

సిరిల్ అరచేత్తో పెట్టెను ఇంకోసారి అదిమాడు.

"అది తెలీదే. నీళ్ళు మాత్రం ఆగలా."

మళ్ళీ పెట్టించింది. మళ్ళీ. మళ్ళీ.

ఇప్పుడు తెలుస్తోంది. రెండు దారాల్లో ఒకటి జారి, ఒకటే మిగిలిన ఆ క్షణం. సన్నటి గొంతు. నిటారుగా. వణుకు లేదు. తీపి లేదు. నన్ను చూడండి అనడం అసలే లేదు. మొయ్యాల్సింది మోస్తూ నిలబడిన గొంతు, అంతే.

ఎవరి బిడ్డో.

గుండె ఝల్లుమంటుందనుకుంది. కాళ్ళ కింద నేల కదులుతుందనుకుంది. ఇన్నాళ్ళూ అడ్డంగా ఉన్నది రెండో గొంతు అనుకుంది. అది తప్పుకుంది. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో నిలబడ్డ పిల్ల ఎవరో ఆమెకు తెలియలేదు.

"ఇది అదేనా?"

హెస్టర్ కిటికీ వైపు చూసింది. చూడాల్సినదానికన్నా ఎక్కువసేపు చూసింది.

"చెప్పు."

"ఆ రోజు నాకు దగ్గు ఆంటీ. అక్కడ గాలి లాగితే దగ్గు తెర వచ్చేట్టుంది. అప్పుడు అదే అంది, నేను ముందు తీసుకుంటాలే, నువ్వు పట్టి ఉంచు అని. కొన్నిసార్లు అలా పాడాం. కొన్నిసార్లు మామూలుగా పాడాం. ట్రాక్టరు పోయిందనీ, కాకులు అరిచాయనీ మళ్ళీ మళ్ళీ పాడించారు. ఆ టేపుల్లోంచి బాగున్న ముక్కలు కోసి అతికించారు. ఏ ముక్క ఉంచారో మాకు తెలీదు. పోయి అడిగాను కూడా. రెండూ ఒకేలా ఉన్నాయిగా, మాకు మాత్రం ఎలా తెలుస్తుంది అన్నారు."

"అయితే ఇది నువ్వు కావచ్చు."

"కావచ్చు."

"ఈ మాట చెప్పకుండా పోవాల్సింది నువ్వు."

"పోదామనే వచ్చాను. అబద్ధం చెప్పి పోదామనే. మీ మొహం చూశాక నోరు రాలేదు."

నల్లటి పళ్ళెం ఊరికే తిరుగుతోంది.

"ఇప్పుడు నా పక్కన కొత్తమ్మాయి నిలబడుతోంది ఆంటీ. బాగానే పాడుతుంది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిసారీ పాట తెగిపోతుందేమోనని భయమేస్తుంది. తెగదు." హెస్టర్ చేతిరుమాలు కోసం వెతుక్కుంది. దొరకలేదు. చేత్తోనే తుడుచుకుంది. "తెగకపోతే ఇంకా భయమేస్తోంది."

ఈనిడ్ ఆమెకు వంటింటి తువ్వాలు అందించింది. తర్వాత, ఏం చెయ్యాలో తెలియక, పొడి అయిపోయిన కేకు తీసేసి ఇంకో ముక్క పెట్టింది.

"ఇదన్నా తిను. బస్సుకి ఇంకా టైముంది."

ప్లమ్ పూలు రాలిపోయాయి. పొలాల్లో ముల్లంగి మొలకలెత్తింది. కాలువగట్ల మీద కొత్త రెల్లు ఆకుపచ్చగా, పాత రెల్లు ఎండి, రెండూ ఒకే గాలికి ఊగుతున్నాయి.

ఈనిడ్ ఇప్పుడు రికార్డు మొదట్నుంచీ పెట్టదు. ముల్లు ఎక్కడ దించాలో చేతికి తెలుసు. అక్కడ అరిగి నలుపు మెరుపు తగ్గింది.

ఆ ఒంటరి గొంతు టాంసిన్‌దే అయితే —

అది ఒక్కతే ఉండాలి. ఇంకా కాసేపు. రెండో గొంతు తిరిగి రాకూడదు. వచ్చిందంటే పిల్ల మళ్ళీ కలిసిపోతుంది. కరిగిపోతుంది. పొగమంచులోకి పోయినట్టు పోతుంది. రాకూడదు. దేవుడా, రాకూడదు.

ఆ ఒంటరి గొంతు హెస్టర్‌ది అయితే —

ఆగింది టాంసిన్. ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అంతే. ఎక్కడికీ పోలేదు. గాలి లోపలికి లాగుతోంది. ఇప్పుడే వస్తుంది. రావాలి. దేవుడా, త్వరగా రావాలి.

రాకూడదు.

రావాలి.

గుటక వేసినంతసేపట్లో ఈ రెండు ప్రార్థనలూ పట్టవు. ఏదో ఒకటే చెయ్యాలి. ఏది చెయ్యాలో ఏ రోజూ తేలదు.

ఇవాళ సిరిల్ పెరట్లో ఉన్నాడు. ఇల్లు ఖాళీ. ఈనిడ్ తడిచేతులు గౌనుకు తుడుచుకుని, ముల్లు దించి, దాని కాడ కింద చూపుడువేలు ఉంచింది. తాకీ తాకకుండా. ఎత్తడానికో, వదిలెయ్యడానికో.

చిటపట. ఎండిన రెల్లు మీద చినుకులు.

గొంతులు ఎక్కుతున్నాయి. ఒకదాని వెనక ఒకటి, తోసుకోకుండా, ఆగకుండా, పైకి... ఇంకా పైకి...

రెంట్లో ఒకటి ఆగింది.

ఈనిడ్ ఊపిరి బిగబట్టింది.