ఇరవై ఒక్క రోజుల గడ్డి

యూరియా కలపగానే నీళ్లు చల్లబడతాయి. బకెట్లో చెయ్యి పెట్టి తిప్పేవాళ్లకే తెలిసే సంగతి అది, ఆ ఇంట్లో సుజన ఒక్కదానికే తెలుసు. నూరు కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్ల నీళ్లు. గడ్డి ఒక వరస పరిచి, చిల్లుల డబ్బాతో చల్లి, కాళ్లతో తొక్కి, మళ్లీ ఒక వరస. పైన టార్పాలిన్ కప్పి, గాలి చొరబడకుండా అంచుల మీద ఇటుకలు పేర్చాక ఇరవై ఒక్క రోజులు దాని జోలికి పోకూడదు. బిరుసు గడ్డి అప్పటికి మెత్తబడి బర్రెలకు ఒంటబడుతుంది. బార్కస్ బస్తీలో పశువుల డాక్టరమ్మ క్యాంపు పెట్టినప్పుడు వెనక వరసలో నిలబడి సుజన విన్నది ఇదంతా.

మొఘల్‌పురా గల్లీలో ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో నాలుగు బర్రెలు. భర్త ప్రేమ్‌రాజ్‌ది సర్కారు కొలువు. బర్రెలు ఆయనవి, బర్రెల పని సుజనది. మొన్న సర్వేకొచ్చిన అమ్మాయి సుజన ఏం పనిచేస్తుందని అడిగితే, "ఏం చెయ్యదమ్మా, ఇంట్లనే ఉంటది" అన్నాడు. మోచేతుల దాకా పెండతో సుజన అక్కడే నిలబడి ఉంది. ఆ అమ్మాయి అట్లాగే రాసుకుంది. ఆయన అబద్ధమాడి ఉంటే ఇంత బాధపడేది కాదు. నిజంగానే అట్లా అనుకుంటున్నాడు, పందొమ్మిదేళ్లుగా కళ్లెదుట చూస్తూ కూడా.

మొదటిసారి గడ్డి కప్పినప్పుడు అత్త నీలమ్మ లొల్లి లొల్లి చేసింది. "ఎరువు తినిపిస్తవా బర్రెలకు? ఏమన్నయితే మీ తల్లిగారింటికెళ్లి తెస్తవా?" సుజనకూ లోపల భయమే. లెక్క తప్పితే యూరియా విషమేనని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. గడువు నిండాక టార్పాలిన్ తీసి, ఘాటు వాసన పోయేదాకా గడ్డి ఆరబెట్టి, ముందుగా చంద్రి అనే బర్రెకు గుప్పెడు పెట్టింది. అన్నం కూడా ముట్టకుండా సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చుంది. చంద్రి తీరిగ్గా నెమరు వేస్తుంటే ఏడుపొచ్చింది. నెల తిరిగేసరికి తొట్లో ఒక్క పరక మిగలడం లేదు, పాలూ పెరిగాయి.

చర్చి ముందర ప్రేమ్‌రాజ్ తన దోస్తు ఇస్సాకుతో చెప్పుకున్నాడు: "గడ్డిని నేనే ఒక పద్ధతిల మాగబెట్టిన భాయ్." ఇస్సాకు మస్తుగా మెచ్చుకున్నాడు. సుజన పక్కనే నిలబడి నవ్వింది. ఎందుకు నవ్వానా అని తర్వాత తన మీద తనకే చిరాకేసింది.

ఇప్పుడు రెండో కుప్ప. పన్నెండో రోజు ఆదివారం. పక్క గల్లీలో ఎనిమిది బర్రెలున్న రామ్‌చందర్‌ను ప్రేమ్‌రాజ్ వెంటబెట్టుకొచ్చి, నేరుగా షెడ్డులోకి పోయి, అంచు మీది ఇటుక ఒకటి తీశాడు.

"ఇప్పుడు తియ్యద్దు" అంది సుజన. "ఇంక తొమ్మిది రోజులున్నయి. గడ్డిని మెత్తబర్చే ఘాటంతా పోతది, బూజు పడ్తది."

"ఒక్కసారి చూపిచ్చి కప్పుదాం. ఏమైతది? గింతదానికి లొల్లెందుకు?"

గింతది. తను తొక్కిన గడ్డి, తను మోసిన నీళ్లు, పిక్కలు పట్టేసి నిద్ర పట్టని రాత్రులు, అన్నీ కలిపి గింతది. 'అట్లనే కానియ్యి' అనడం ఆమెకు అలవాటే. ఈసారి ఆ మాట నోట్లోకి రాలేదు. ఆయన చేతిలోని ఇటుక తీసుకుని, వంగి, అంచు మీద మళ్లీ పెట్టింది.

ప్రేమ్‌రాజ్ ముఖం ఎర్రబడింది. పరాయివాడి ముందు అరవలేకపోయాడు. రామ్‌చందర్ ఎటు చూడాలో తెలియక, మాట కలపడానికన్నట్టు అడిగాడు.

"యూరియా ఎంతేసినవ్ అన్నా?"

ప్రేమ్‌రాజ్ అలవాటు ప్రకారం సుజన వైపు చూశాడు. పిల్లల బర్త్ సర్టిఫికెట్ ఎక్కడుంది, గ్యాస్ ఎప్పుడు బుక్ చేశాం, దేనికైనా ఆమె మెల్లగా అందిస్తే ఆయన గట్టిగా చెబుతాడు. సుజన అందించలేదు. పక్క ఇటుకను కూడా అంచు మీద సర్దింది.

చివరికి రామ్‌చందరే ఆమె వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పు వదినా. మా దగ్గర కూడ చేస్తం."

"చెప్త" అంది సుజన. "మీ ఇంట్ల బర్రెలకు గడ్డేసేదెవరు?"

"మా ఇంటామె, కమల."

"అయితే కమలను పంపు. ఆమెకే చెప్త."